బీడులో గోల్ఫ్ ఆడిన మామ

మామ పోయిన సంగతి అత్త ఫోన్‌లో చెప్పినప్పుడు నేను ముదిగుబ్బలో వేరుశనగ విత్తనకాయల కోసం వరుసలో నిలబడి ఉన్నాను. ఏడుస్తూనే అడిగింది. "మీ మామ నిద్దర్లోనే పోయినాడప్పా. ఆ ఇనప కట్టెలు ఆయనతోపాటే పూడ్చేదా, నువ్వు తీసుకుంటావా? నా ఇంట్లో మాత్రం వద్దు." ఏడవాలో నవ్వాలో తెలియక, తీసుకుంటానత్తా అన్నాను. నేను వరుస వదలగానే వెనకాయన సంతోషంగా ముందుకు జరిగాడు.

ఆ ఇనప కట్టెలంటే గోల్ఫ్ కట్టెలు. మా అమ్మ తమ్ముడైన ఈ మామ బెంగళూరులో ఒక పెద్దాయన దగ్గర కారు నడిపేవాడు. ఆయన ఆడుతుంటే ఈయన కంచె బయట నిలబడి చూసేవాడు. పని మానేసి ఊరికి వచ్చేటప్పుడు పెద్దాయన తన పాత కట్టెల సంచి ఇచ్చి పంపాడు. వేరుశనగ పీకేసిన మా చేనే మా ఇద్దరికీ మైదానమైంది. పచ్చగడ్డి మా దగ్గర గొర్రెలకే దొరకదు, ఇక గోల్ఫ్‌కు ఎక్కడ తెచ్చేది? బంతి పడాల్సిన గుంత చుట్టూ ఇసుక పోసి, ట్రాక్టర్ పాత ఆయిల్ చల్లి అణిచేవాడు మామ. బంతిని గుడ్డు అనేవాడు. మా ఆటకు ఒకటే చిక్కు. వాన పడితే విత్తాలి, ఆట బంద్. పడకపోతే ఆటే ఆట. "ఏమన్నా, చేను ఎట్లుండాది?" అని ఊళ్లో ఎవరైనా అడిగితే, "ఆట బాగుండాదప్పా" అనేవాడు. వాళ్లకు అర్థమయ్యేది.

మామ ఆట సంగతి దేవుడికే ఎరుక. బంతి కంటే మట్టిపెళ్లలే ఎక్కువ దూరం పోయేవి. అయినా ప్రతి దెబ్బకూ "అబ్బా, ఏం గాలి!" అని గాలిని తిట్టి నవ్వేవాడు. నేను ఆయన కంటే చాలా నయం. ఆ పొగరు ఎన్నాళ్లో నిలవలేదు. ఒక ఏడాది విత్తిన విత్తు విత్తినట్టే భూమిలో మాడిపోయింది. ఆ తర్వాత ఎందుకో నా ఆట కూడా చెడింది. కొడితే బంతి కంపచెట్లలోకి పోయేది, లేదంటే ఉన్నచోటే ఉండేది. ఫోన్‌లో వీడియోలు చూశాను. కట్టె పట్టు మార్చాను. అత్త జాలిపడి ఎండుమిరపకాయలతో సంచికి దిష్టి తీసింది. అందరికీ దగ్గు వచ్చింది గానీ ఆట రాలేదు. ఏళ్లు గడిచినా అదే తంతు. చివరికి, ఇక నాకీ ఆట వద్దు మామా అనేశాను.

మామ ముఖం వాడిపోయింది. "నువ్వు మానేస్తే నేనెవురితో ఆడేదప్పా, గొర్లతోనా? ఈ ఊర్లో ఈ పిచ్చి మనిద్దరికే ఉండాది." కట్టె నా చేతికిచ్చి, "ఇంగొక్క తూరి కొట్టు, ఎదురుగా నిలబడి చూస్తా" అన్నాడు. అన్నేళ్లూ ఆయన చూసింది బంతినే గానీ నన్ను కాదు.

కొట్టాను. బంతి కదల్లేదు.

"కట్టె ఎత్తినాక పైకేం చూస్తాండావు?"

"మోడం పట్టిందేమోనని" అన్నాను. మబ్బు కోసం చూస్తున్నానని నా నోటితో అనేదాకా నాకే తెలియదు.

మామ నేల మీద కూలబడి, ముద్దుగా తిడుతూ నవ్వాడు. "నీ పాసుగూల! మన సీమలో పుట్టినోళ్ల మెడలన్నీ పైకే తిరిగిపోయినాయి కదప్పా! మోడం నేను చూస్తాలే. వస్తే చెప్తా. నువ్వు గుడ్డును చూడు."

అప్పటి నుంచి ఆయన ఆకాశం కేసి చూస్తూ నిలబడేవాడు, నేను తల వంచి కొట్టేవాణ్ని. బంతి మళ్లీ ఎగరసాగింది. ఎక్కడ పడిందో మాత్రం ఇద్దరిలో ఎవరికీ తెలిసేది కాదు. "మోడమూ రాలే, గుడ్డూ కనపల్లే" అని ఆయన చెబుతుంటే ఇద్దరం నవ్వుకుంటూ కంపల్లో వెతికేవాళ్లం. దెబ్బ తప్పినా నాకిక కోపం వచ్చేది కాదు. ఆ సాయంత్రాలంత హాయి నా బతుకులో మరెక్కడా లేదు.

దినాలు అయ్యాక సంచి తీసుకుని ఒక్కణ్నే చేనికి వెళ్లాను. బంతి పెట్టి తల వంచి కొట్టాను. బాగా తగిలిందని చేతులకు తెలిసింది. తల ఎత్తకముందే మెడ మీద చినుకు పడింది, ఆ వెంటే ఇంకొకటి. వాన వస్తోందని నాకెవరూ చెప్పలేదు. ఏడుపు ఆగలేదు. వాన పెద్దదైంది. మెడ మీదుగా నీళ్లు కారుతుంటే, కట్టె పట్టుకుని తల వంచుకునే నిలబడ్డాను.