మీ కుటుంబం ఉందా?

పల్నాడులో అప్పట్లో మగవాళ్లు నలుగురిలో ‘నా భార్య’ అనేవాళ్లు కాదు. ‘మా కుటుంబం ఊరెళ్లింది’ అంటే భార్య పుట్టింటికి వెళ్లిందని అర్థం. మాచర్లలో రిక్షా తొక్కేవాడికి కూడా తెలిసిన సంగతి ఇది. క్వారీ కూలీలకు బీమా కార్డులు రాస్తూ ‘మీ కుటుంబం ఉందా?’ అని అడిగిన మా శాఖవాళ్లకు మాత్రం తట్టలేదు.

ఎనభైల మొదట్లో నేను అక్కడి బీమా డిస్పెన్సరీలో గుమస్తాను. ఒక ఎండాకాలం పొద్దున, నాపరాయి క్వారీలో పనిచేసే ఒకాయన ఆరేడేళ్ల కూతుర్ని భుజాన వేసుకుని వచ్చాడు. గొంతు వాచిపోయి ఆ పిల్లకు ఊపిరాడటం లేదు. డాక్టరుగారు చూసి కంఠసర్పి, అంటే డిఫ్తీరియా అన్నారు. దానికి మందు మా దగ్గర లేదు, వెంటనే గుంటూరు తీసుకెళ్లాలి. వ్యాను వాకిట్లోనే ఉంది. అది కదలాలంటే కార్డులో పిల్ల పేరుండాలి. కార్డులో ‘కుటుంబం లేదు’ అని ఉంది.

“లేదని నువ్వే చెప్పావు గదయ్యా,” అన్నారు డాక్టరుగారు.

“లేదు గదండీ. అది పోయి రెండేళ్లయింది. ఇది నా బిడ్డ.”

నాకు ఒళ్లు మండిపోయింది. కుటుంబమంటే ఈయన లెక్కలో భార్య మాత్రమేనండీ అని గొంతు చించుకున్నాను. డాక్టరుగారు తలూపారు.

“నిజమేనమ్మా. కార్డు మాత్రం గుంటూరు ఆఫీసులో దిద్దించుకు రావాలి. వ్యాను పంపితే రేపు నా ఉద్యోగం ఎవరు చూస్తారు?”

“నువ్వు పోట్లాడబాకమ్మా,” అన్నాడు ఆ తండ్రి. “బస్సు టయిమయింది.”

బస్టాండు దాకా నేనూ వెళ్లి కిటికీ పక్కన సీటు ఇప్పించాను. కారంపూడి దాటాక పిల్ల పోయిందట. కండక్టరు బస్సాపి, మర్యాదగానే దింపేశాడట.

ఆ కోపంతోనే పరీక్షలు రాసి, హైదరాబాదులో బీమా నిబంధనలు తయారుచేసే సెక్షనుకు చేరాను. ఆ ప్రశ్న తీసేసి, ‘మీ ఇంట్లో ఎవరెవరు అన్నం తింటారు?’ అని అడగాలన్నాను. “ఇది బీమానా, భోజన హోటలా?” అని నవ్వారు. ఏళ్ల తరబడి వాళ్ల ప్రాణాలు తోడేస్తే గానీ ఒప్పుకోలేదు. ముందు మాచర్లలో అడిగి చూడమని నన్నే పంపారు.

క్వారీలో వరసలో ఆ పిల్ల తండ్రి కూడా ఉన్నాడు. జుట్టు నెరిసింది, మనిషి సగమయ్యాడు. ఆయన్ని అడక్కుండా పక్కవాడి వైపు తిరిగాను.

“నన్ను కూడా అడుగమ్మా,” అన్నాడు.

“మీ ఇంట్లో ఎవరెవరు అన్నం తింటారన్నా?”

ఆయన చేతులకంటిన రాతిదుమ్ము దులుపుకున్నాడు.

“నేనొక్కణ్ణేనమ్మా.”

పాత కార్డులో ఉన్న మాటే కొత్త కార్డులోనూ రాశాను. కుటుంబం లేదు.