ఘాట్ మలుపులో నా హారన్

రోజూ పొద్దున్నే దేవుడి పటం పెట్టి దండం పెట్టడం తప్ప మన ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపులో ఏనాడూ నాలుగు మాటలు రాయలేదు. ఈ రోజు రాయకపోతే నిద్ర పట్టేలా లేదు. ఎల్‌బీ నగర్ నుంచి శ్రీశైలం దాకా కారు నేనే నడిపాను!

నాకు హారన్ కొట్టాలంటే మొహమాటం. ఎవరినో తిట్టినట్టు అనిపిస్తుంది. దిల్‌సుఖ్‌నగర్ రద్దీలో కూడా ముందువాళ్లు కదిలేదాకా ఊరికే ఆగుతాను.

కృష్ణ మీద వంతెన దాటి ఘాట్ ఎక్కుతుంటే, మలుపుల్లో రోడ్డు బయటి అంచు ఎత్తుగా, లోపలికి వాలుగా ఉంది. కొండే మమ్మల్ని ఒడిలోకి తీసుకుంటున్నట్టుంది. నేనా సంబరంలో ఉండగా మా ఆయన అరిచారు.

“అవతల ఏమొస్తుందో కనవడ్తలేదు. జర హారన్ కొట్టవే!”

“ఎవరన్నా ఉలిక్కిపడ్తరేమోనండీ.”

“ఉలిక్కిపడాలనే కొట్టేది!”

గట్టిగా కొట్టాను. అవతల నుంచి ఇంకా పెద్ద హారన్ పలికింది. దిగి వస్తున్న బస్సు మలుపుకు ముందే ఆగిపోయింది. నేను కొట్టకపోయుంటే ఎదురెదురుగా గుద్దుకునేవాళ్లం. డ్రైవర్ కిటికీలోంచి చెయ్యి ఊపాడు.

“పో అక్కా, ఎక్కే బండికే ముందు దారి!”

ఆ తర్వాత ఒక్క మలుపునూ వదల్లేదు. పూజగది గడప తొక్కని మా ఆయన మాత్రం కళ్లు మూసుకుని, పైకి చేరేదాకా “ఓం నమః శివాయ” అంటూనే ఉన్నారు.

అక్కలూ, చెల్లెళ్లూ, మీలో ఇంకెవరైనా ఘాట్ ఎక్కారా? చెప్పండి. ఇది మాత్రం మీ దగ్గరే దాచుకోండి, ఆయనకు చూపించకండి.