ఆర్విల్ స్టోక్స్ కనుబొమ్మలు

రెనో జూదశాలల్లో పేకముక్కలు లెక్కపెట్టే మొనగాళ్ళు కోకొల్లలు. కనుబొమ్మలతో లెక్కపెట్టినవాడు మాత్రం ఆర్విల్ స్టోక్స్ ఒక్కడే. చిన్న ముక్క బయటపడితే కనుబొమ్మలు ఒక మెట్టు పైకి, రాజో ఆసో పడితే ఒక మెట్టు కిందికి. పెద్ద ముక్కలన్నీ ఇంకా కట్టలోనే మిగిలి, ఆడేవాడికి గెలుపు అదను వచ్చిందంటే కనుబొమ్మలు ఏకంగా టోపీలో దూరేవి.

ఇరవయ్యొకటి ఆట బల్ల దగ్గర ముక్కలు పంచే వెర్నాకు ఆ ముఖం చూస్తే ఒళ్ళు మండేది.

"లెక్కగాడి ముఖం బండరాయిలా ఉండాలయ్యా! నీది నాటకాల తెరలా లేస్తోంది, పడుతోంది."

"అలవాటు, వెర్నా."

"పోనీ, లెక్క బాగున్నప్పుడైనా పందెం పెంచి చావొచ్చుగా?"

"రెండు డాలర్లు చాలు."

పందెం పెంచడానికే కదా ఎవడైనా లెక్కపెట్టేది! వెయ్యి విస్తళ్ళు కుట్టి తాను పస్తున్నట్టుండేది ఇతగాడి వ్యవహారం. అజమాయిషీ చేసే గ్రేడీ కూడా, "ఉండనీ, ఇలాంటి మేధావులు పదిమందుంటే మనకే లాభం" అని నవ్వేవాడు.

ఆర్విల్ పక్క కుర్చీ మేబెల్‌ది. హోటల్ దుప్పట్లు ముప్పయ్యేళ్ళు ఉతికిన ముసలమ్మ. చూపు ఆనదు, నోట్లో పన్ను లేదు.

"జూన్‌లో మనవరాలి పెళ్ళి. ఫోటోలో నవ్వాలా వద్దా? కట్టుడు పళ్ళకు మూడొందల డాలర్లంట!"

"జూదంలో పళ్ళు రాలగొట్టించుకున్నవాళ్ళను చూశాను గానీ, కట్టించుకున్నవాళ్ళను చూళ్ళేదమ్మా" అనేది వెర్నా.

ఒక గురువారం పొద్దున మేబెల్ జలుబు చేసి రాలేదు. గంటసేపు పంచినా ఆర్విల్ బొమ్మలు వెంట్రుకవాసి కదల్లేదు. ముఖం అచ్చం బండరాయి!

"జబ్బు చేసిందా?" అంది వెర్నా.

"ఎవరికి?"

"నీ కనుబొమ్మలకి."

ఆర్విల్ తన పందెం బిళ్ళల వంక చూసుకున్నాడు. వెర్నాకు వెలిగింది. చూపు ఆనని ముసలిదానికి పందెం పెంచే అదను కనబడాలనే అంతెత్తున ఎగరేస్తున్నాడన్నమాట! గ్రేడీకి చెప్పడం ఆమె ఉద్యోగ ధర్మం. "దొంగ సచ్చినోడా" అని గొణిగి, ముక్కలు పంచింది.

మే నెలలో గ్రేడీ వచ్చి మేబెల్ కుర్చీ వెనక నిలబడ్డాడు. పళ్ళకు ఇంకా ముప్పై డాలర్లే తక్కువ. ఆర్విల్ బొమ్మలు అప్పటికే టోపీలో ఉన్నాయి, మేబెల్ ముప్పై డాలర్ల బిళ్ళలూ పందెంలో ఉన్నాయి.

"ఈవిడ పందెం సరిగ్గా సమయానికే పెరుగుతోందేం?" అని గ్రేడీ ఆమె భుజం మీద చెయ్యి వేయబోయాడు.

ఆర్విల్ తన బిళ్ళల కుప్పంతా ముందుకు తోసి కుర్చీ మీంచి లేచాడు. "లెక్క తొమ్మిది దాటింది, పెద్ద ముక్కలన్నీ కట్టలోనే! ఇక నావల్ల కాదు, అంతా పెట్టేస్తున్నా!"

గ్రేడీ చెయ్యి ఆమెను వదిలి అతని కాలరు పట్టుకుంది. "ఇన్నాళ్ళూ పిచ్చోడివనుకున్నాను! నీ బిళ్ళలు తీసుకుని నడు, మళ్ళీ ఈ గడప తొక్కకు."

దొరికిన దొంగతో గ్రేడీ కడుపు నిండింది. ఈలోగా వెర్నా ముక్కలు తిప్పింది. మేబెల్ గెలిచింది.

"తీసుకుని పోవమ్మా, పళ్ళ డాక్టరు మధ్యాహ్నానికే తలుపు మూస్తాడు."

జూన్‌లో మేబెల్ మనవరాలి పెళ్ళి ఫోటో తెచ్చి వెర్నాకు చూపించింది. ఫోటో నిండా ఆమె పళ్ళే. వెనక వరసలో ఆర్విల్, బొమ్మలు టోపీలో.

"పెళ్ళిలో దేన్ని లెక్కపెడుతున్నాడీ దద్దమ్మ?"

"నా పళ్ళనే. ఇరవై ఎనిమిదే ఉన్నాయట. డాక్టరు నాలుగు తక్కువిచ్చాడని పొద్దుటే దెబ్బలాటకు పోయాడు."