పలకలు మార్చేదాకా

మా బిల్డింగ్ గోడలకి బయట బిగించిన పలకలు ఇట్టే నిప్పంటుకునే రకమని మాకు తెలిసింది ఎదురింటి అబ్బాయి తన ఫ్లాట్ అమ్మబోయినప్పుడు. అప్పటిదాకా ఆ వెండిరంగు చూసి మురిసిపోయేవాళ్లం. జెర్సీ సిటీలో ఎండ పడిందంటే నది అవతలివాళ్లకి ముందు కనిపించేది మేమే అని గొప్పలు పోయేవాళ్లం కూడా. కొనడానికి వచ్చినవాళ్ల బ్యాంకు గోడల గురించి ఇంజనీరు రిపోర్టు అడిగింది. పైన పల్చటి రేకు, లోపలంతా ప్లాస్టిక్, ఒక అంతస్తులో నిప్పు రాజుకుంటే పైకి పాకడానికి ఇంతకన్నా మంచి దారి ఉండదని అందులో తేల్చారు. బ్యాంకు లోన్ ఇవ్వనంది. కొనేవాళ్లు ఓ నమస్కారం పెట్టి వెళ్లిపోయారు.

అబ్బాయి అంటున్నాను గానీ ముప్పై దాటినవాడే. కరీంనగర్ వైపు మనిషి, మాన్‌హాటన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. భార్యది తెనాలి. ఆమెకి విమానమెక్కి వెళ్లాల్సినంత దూరంలో ఉన్న మోరిస్‌విల్‌లో ఉద్యోగం వస్తే చంటిపిల్లని తీసుకుని ముందు వెళ్లింది. ఇతని కంపెనీ కూడా అటువైపు బ్రాంచికి పంపడానికి ఒప్పుకుంది. ఫ్లాట్ అమ్ముడుపోగానే ఇతనూ వెళ్లిపోవాలి. అన్నీ చక్కగా కుదుర్చుకున్నారు. పలకల సంగతి మాత్రం వాళ్ల ఆలోచనలో లేదు. ఎవరి ఆలోచనలో ఉంటుంది?

ఆ రిపోర్టుతో బిల్డింగ్‌ని చూసే చూపే మారిపోయింది. ఇన్సూరెన్సువాళ్లు మొహం ముడుచుకున్నారు. ఎవరూ అమ్మలేరు, ఎవరూ కొనరు. అంతస్తులన్నీ తిరుగుతూ పొగ వస్తోందేమో చూసే కాపలా మనిషిని పెట్టారు. మా తెలుగువాళ్ల ఇళ్ల ముందు అతని పని కష్టమే. నేను ఎండుమిరపకాయలు వేయించిన రోజు రెండుసార్లు తలుపు కొట్టాడు. రెండోసారి దగ్గుతూ, అంతా బాగానే ఉందా అని అడిగాడు. బాగానే ఉంది, పచ్చడి అన్నాను.

కొన్నాళ్లకి రాష్ట్ర ప్రభుత్వం ఇలాంటి బిల్డింగులకి సాయం చేస్తామంది. పలకలు మార్చే ఖర్చులో చాలా భాగం తనే భరిస్తుందట. షరతులు రెండు. సొంత ఇంట్లో తామే కాపురం ఉంటున్నవాళ్లకే ఈ సాయం. పని పూర్తయ్యేదాకా వాళ్లు అక్కడే ఉండాలి, మధ్యలో ఇల్లు వదిలి వెళ్తే వాళ్ల వాటా మొత్తం వాళ్ల నెత్తినే పడుతుంది. రెండోది, అలాంటి యజమానులు దాదాపు అందరూ ఒప్పుకుని సంతకం పెట్టాలి, లేకపోతే బిల్డింగ్ మొత్తానికే రాదు. అసోసియేషన్ బోర్డులో తెలుగుదాన్ని నేనొక్కదాన్నే. రిటైరై ఖాళీగా ఉన్నానని అందరికీ తెలుసు. ‘మీవాళ్ల సంతకాలు మీరు తెస్తారు కదా’ అంది ప్రెసిడెంటు. ఆ ‘మీవాళ్లు’ అన్న మాటకి నాకు ఒళ్లు మండింది. కానీ ఏమంటాను? అప్పటికి సంతకం పెట్టకుండా మిగిలింది నిజంగా మావాళ్లే.

ఇంటింటికీ తిరిగాను. మనవాళ్లు మొహం మీద కాదనరు. కూర్చోబెట్టి, టీ ఇచ్చి, ప్లేటులో కారప్పూస పోసి, “తప్పకుండా ఆంటీ, వీకెండ్ చూసి చెప్తాం” అంటారు. వీకెండ్ వెళ్తే మళ్లీ టీ, మళ్లీ కారప్పూస. నా కడుపులో మంట మొదలైందే తప్ప కాగితం మీద ఒక్క సంతకం పడలేదు. చివరికి ఒక ఇల్లాలు జాలిపడి ఫోన్ తీసి వాట్సాప్ గ్రూపు చూపించింది. నన్ను చేర్చుకోని గ్రూపు అది. అందులో ఎవరో పెట్టారు: “గవర్నమెంట్ మనీ టచ్ చేస్తే గ్రీన్ కార్డ్ టైమ్‌లో ప్రాబ్లమ్. మా కజిన్ ఫ్రెండ్‌కి అయింది. ఎవరూ సైన్ చేయకండి.” దాని కింద చేతులెత్తి దండాలు, బొటనవేళ్లు.

ఆ కజిన్ ఫ్రెండ్ ఎవరో ఎవరికీ తెలీదు. ఏ ఊళ్లో ఉంటాడో తెలీదు. అయినా అతని మాటకి ఉన్న బలం నా మాటకి లేదు. కోపం వచ్చింది గానీ, ఆ భయాన్ని వెక్కిరించలేను. వీసా మీద ఉన్న రోజుల్లో పార్కింగ్ ఫైన్ పడితే నాకు జ్వరం వచ్చింది. ఏళ్ల తరబడి క్యూలో నిలబడ్డవాడికి తుమ్మినా లైన్లోంచి తీసేస్తారేమో అనిపిస్తుంది.

ఒక ఇమిగ్రేషన్ లాయర్ని కింద హాల్లోకి పిలిపించాను. డబ్బు వెళ్లేది బిల్డింగ్‌కి, మనిషికి కాదు, మీ గ్రీన్ కార్డుకీ దీనికీ సంబంధం లేదు అని ఆవిడ నిదానంగా, రెండుసార్లు చెప్పింది. అందరూ తలలూపారు. సమోసాలు తిన్నారు. ఆవిడతో ఫొటో కూడా దిగారు. సంతకం మాత్రం ఎవరూ పెట్టలేదు. అందరినీ చెడామడా తిట్టాలనిపించింది. మిగిలిన సమోసాలు డబ్బాలో సర్దుకుని పైకి వచ్చేశాను.

ఆ రెండు షరతుల్లో మొదటిదాని గురించి అంతమందిలో ఎవరూ ఒక్క ప్రశ్న వేయలేదు. వేసింది ఎదురింటి అబ్బాయి ఒక్కడే, అదీ హాల్లో కాదు, నా వెనకే వచ్చి మా గుమ్మం దగ్గర.

“ఆంటీ, పని అయ్యేదాక ఇక్కడనే ఉండాలంటున్నరు కదా. ఎన్ని రోజులు పడ్తది?”

“రోజులు కాదు బాబూ, రెండేళ్లంటున్నాడు ఇంజనీరు. ఇంకాస్త పట్టినా పట్టొచ్చు.”

“నేను ఇప్పుడే పోతే?”

“నీ వాటా అంతా నువ్వే పెట్టుకోవాలి.”

“అది నాతోని కాదు ఆంటీ. సంతకం పెడితే పిల్లకు దూరం, పెట్టకపోతే ఇల్లు పోతది. నేనేం చెయ్యాలె చెప్పండి?”

బోర్డు తరఫున చెప్పాల్సిన మాట నాకు తెలుసు. అది వదిలేసి, లోపలికొచ్చి టీ తాగమన్నాను. వద్దని వెళ్లిపోయాడు.

తర్వాతి లాంగ్ వీకెండ్‌కి అతని భార్య పిల్లతో వచ్చింది. ఆ సాయంత్రం ముగ్గురూ మా ఇంటికొచ్చారు. పిల్ల నా సోఫా కింద దూరి ఆడుకుంటోంది. భార్యే మాట్లాడింది.

“నేనే జాబ్ మానేసి ఇక్కడికి వచ్చేద్దామనుకున్నానండీ. జాబ్ మానేస్తే నా వీసా సంగతి మళ్లీ మొదటికొస్తుంది. అదీ పోనివ్వండి, ఈ గోడల మధ్య పిల్లని పడుకోబెట్టాలంటే నాకు మనసొప్పట్లేదు. ఈయన సంతకం పెట్టకపోతే ఇంతమందికీ ఆగిపోతుందట కదా. పెట్టమన్నాను. రెండేళ్లు ఎంతలో గడిచిపోతాయాంటీ?”

అడిగింది నన్నే అయినా చూసింది అతన్ని. అతను సంతకం పెట్టాడు. పెన్ను మూతపెట్టి ఇస్తూ, “గ్రూపోళ్లకు మాత్రం చెప్పకండి ఆంటీ. వద్దని మెసేజ్ పెట్టింది నేనే,” అన్నాడు. ఆ కజిన్ ఫ్రెండ్ ఎవరని అడిగాను. “ఏమో ఆంటీ, వేరే గ్రూపుల చూసి పెట్టిన,” అన్నాడు. ఆ పరిస్థితిలో కూడా ముగ్గురం నవ్వుకున్నాం.

వాళ్లు మా ఇంట్లోంచి రావడం ఎవరు చూశారో గానీ, వారం తిరక్కుండానే ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. ఒకాయన చెత్త పడేయడానికి వచ్చినట్టు వచ్చాడు. ఒకావిడ పెరుగు తోడు అడగడానికి వచ్చి సంతకం పెట్టి, తోడు మర్చిపోయి వెళ్లింది. అందరిదీ ఒకటే మాట: “మనలో మాట ఆంటీ, ఎవరికీ చెప్పకండి.” గ్రూపులో మాత్రం సంతకం పెట్టొద్దనే మెసేజ్‌లు, వాటికి సంతకం పెట్టినవాళ్ల బొటనవేళ్లూ ఆగలేదని ఆ పెరుగు తోడు ఆవిడే చెప్పింది. లిఫ్టులో ముగ్గురు నలుగురు కలిస్తే నా వంక ఓరగా చూసి ఫోన్లలోకి తలలు దించుకునేవారు. కావలసినన్ని సంతకాలు అలా దొంగచాటుగా పూర్తయ్యాయి.

సాయం మంజూరైంది. బోర్డు మీటింగులో నాకు చప్పట్లు కొట్టారు. బిల్డింగ్ చుట్టూ ఇనప గొట్టాలు లేచాయి, మీద ఆకుపచ్చ వల కప్పారు. ఒక్కో వైపే పలకలు ఊడదీస్తున్నారు. మా వైపుకి ఇంకా రాలేదు. నది కనిపించదు, పగలు కూడా లైటు వేసుకోవాలి. ఇల్లు భద్రంగా తయారవుతోంది కదా అని సర్దుకుంటున్నాం.

కుదిరినప్పుడు అతను అటు వెళ్లొస్తాడు, లేకపోతే ఆమె పిల్లతో వస్తుంది. పిల్లకి ఇప్పుడు మాటలొచ్చాయి. పోయినసారి తిరుగు ప్రయాణమప్పుడు సాగనంపుదామని నేనూ లిఫ్టు దాకా వెళ్లాను. ఆమె సామానుతో లోపల నిలబడింది. అతను పిల్లని ఎత్తుకుని ముద్దుపెట్టుకుని ఆమెకి అందించాడు.

“అందరికీ బై చెప్పమ్మా,” అంది ఆమె.

పిల్ల బుద్ధిగా నా వైపు చెయ్యి ఊపింది. “బై ఆంటీ.”

తర్వాత అతని వైపు తిరిగి అదే చెయ్యి, అంతే బుద్ధిగా ఊపింది. “బై అంకుల్.”

ఆమె పిల్ల చెయ్యి పట్టుకుని, “నాన్నరా, నాన్న,” అంటుండగానే లిఫ్టు తలుపులు మూసుకున్నాయి. అతను మూసుకున్న తలుపులకే “బై తల్లీ” అన్నాడు. నేను అక్కడ లేకపోతే బాగుండుననిపించింది.