అత్తకు ఒక కింది బెర్తు

ఆన్‌లైన్‌లో టికెట్టు చవక అని నాకు చెప్పినవాళ్లందరి మీదా ఇప్పటికీ కోపంగానే ఉంది. చవకే, కాదనను. ఆ చవక కోసం యాప్ ఎలా ఆడిస్తే అలా ఆడాలి.

మా అత్త, అంటే మా నాన్న చెల్లెలు, కోయంబత్తూరులో మాతోనే ఉంటుంది. మా పెద్దలు ఆంధ్ర వదిలి ఎన్ని తరాలైందో ఇంట్లో ఎవరికీ తెలియదు. అత్తకు ఒకటే కోరిక. వీధిలో నడుస్తుంటే నలువైపులా మన మాటే వినబడే ఊరు ఒకసారి చూడాలి. విజయవాడ పోదామనుకున్నాం. నా సంపాదనకు స్లీపర్ బస్సే గతి, ఆమె మోకాళ్లకు కింది బెర్తే గతి.

మునుపైతే గాంధీపురంలో ట్రావెల్స్ ఆఫీసుకు వెళ్లి, పెద్దావిడ అని ఒక మాట చెబితే చాలు, కింది బెర్తు రాసేవాడు. ఇప్పుడు అతనే యాప్‌లో చేసుకోండి, తగ్గింపు అక్కడే అంటున్నాడు.

యాప్‌లో రెండు కింది బెర్తులు కనబడ్డాయి. రేటు కూడా మాకు అందేదే. నొక్కబోతే అత్త నా చెయ్యి పట్టుకుంది. ఆమెకు చిన్నవాళ్లంతా 'కన్ను'లే, అంటే బంగారాలే.

"ఉండు కన్ను. అమ్మోరికి పూవు అడగకుండా ఎట్ల నొక్కేది?"

"ఇది కొంచేపే నిలబడతాది అత్తా."

"అమ్మోరు యాడికీ పోదులే, రా."

మా వైపు దూర ప్రయాణమన్నా, పెళ్లన్నా పూవు అడిగాకే కదులుతారు. ఎర్రపూవు ఒక పొట్లంలో, తెల్లపూవు ఒక పొట్లంలో కట్టి అమ్మవారి ముందు వేస్తారు. తీసిన పొట్లంలో తెల్లది ఉంటే సరేనన్నట్టు. గుడిలో పూజారి ఇంకెవరి సంబంధానికో పొట్లాలు కడుతున్నాడు. మేము కాచుకున్నాం. మా వంతుకు తెల్లపూవే వచ్చింది. అత్త మొహం వెలిగిపోయింది.

ఇంటికొచ్చి చూస్తే కింది బెర్తులు లేవు, రేటు పెరిగింది. ఇంకో రోజు బస్సు చూద్దామంటే అత్త వినదు. అమ్మవారు సరేనన్నది ఆ రోజుకే. నాకు ఒళ్లు మండిపోయింది. ఫోన్ చేసి బతిమాలితే మారుస్తారేమోనన్న ఆశతో పైబెర్తులే తీసుకున్నాను.

సహాయం నంబరుకు చేస్తే, తెలుగుకు ఒకటి, తమిళానికి రెండు నొక్కమంది. అత్త ఒకటి నొక్కించింది. చాలాసేపు పాట విన్నాక అవతల ఒక అమ్మాయి వచ్చింది. చక్కని తెలుగు. అత్త సంతోషం పట్టలేక ఫోను లాక్కుంది.

"నాకు మోకాలి వలి కన్ను. మేలు బెర్తు ఏరేకి కాదు. కింద ఒక ఎడం పాత్తు ఇయ్యమ్మా, పుణ్యం వస్తాది."

మోకాళ్ల నొప్పి, పైబెర్తు ఎక్కలేను, కింద ఒక చోటు చూసి ఇవ్వమని.

"సారీ మేడమ్, మీ భాష నాకు అర్థం కావడం లేదు. తమిళం లైనుకు కలుపుతాను," అంది ఆ అమ్మాయి, ఎంతో మర్యాదగా. మళ్లీ పాట మొదలైంది.

అత్త ఫోను నా చేతిలో పెట్టేసింది. ఆ లైను కలిశాక తమిళంలో నేనే మాట్లాడాను. ఎవరో టికెట్టు మానుకున్నారట, ఒక కింది బెర్తు ఖాళీ అయింది, ఇస్తామన్నారు. తీసుకోనా అని అత్తను అడిగాను.

"వేండాం, విడు," అంది. వద్దులే, వదిలెయ్ అని, తమిళంలో. నేను పుట్టిన దగ్గర్నుంచి నాతో తెలుగు తప్ప మాట్లాడని మనిషి.