పిల్లల మీద ఉన్న కొర్రమీను

నిన్న పొద్దున పక్కవాటాలో తెలగపిండి వేయించారు. మునగాకు వేసి కూర చేసుకోవడానికే అయ్యుంటుంది. ఆ వేడి నువ్వుల వాసన కిటికీలోంచి వస్తే ఎవరికైనా అన్నం గుర్తొస్తుంది. నాకు మాత్రం కాలువ గట్టు, దాని మీద పాత నల్ల గొడుగు, ఆ గొడుగు కింద ముక్కాలిపీట వేసుకుని కూర్చున్న దయామణి గారు గుర్తొచ్చారు. తెలగపిండిని దోరగా వేయించి, చల్లారాక మెత్తటి అన్నంతో కలిపి నలిపి, గోలీలంత ఉండలు చేసేవారావిడ. అవి మనుషుల కోసం కాదు, శీలావతి చేపలకు ఎర. నేను ఉద్యోగంలో చేరిన రెండో రోజున అది తెలియక, స్టాఫ్ రూములో బల్ల మీద కనబడ్డ డబ్బాలోంచి ఒక ఉండ తీసి నోట్లో వేసుకున్నాను. ఆవిడ చూశారు. నవ్వలేదు. ఉప్పు తక్కువైందా అని అడిగి, మళ్ళీ హాజరుపట్టీలో తల దూర్చారు. ఆ చేప ఎర తిన్న మొహంతోనే నేను ఆవిడ దగ్గర శిష్యరికంలో చేరానని ఇప్పటికీ అందరికీ చెబుతుంటాను.

దయామణి గారు మా బడికి హెడ్మిస్ట్రెస్. మండపేటకు కాస్త ఎడంగా, కాలువ పక్కనే ఉండేది ఆ బడి. ఊరంతా ఆవిణ్ణి పెద్ద టీచరు గారనేవారు. పెళ్ళి చేసుకోలేదు. బడి వెనక పెంకుటింట్లో, భర్త పోయిన చెల్లెలు సుశీల గారితో కలిసి ఉండేవారు. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకుంటే వెనక వరసల దాకా ఖంగుమనే గొంతు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గంజి పెట్టిన చీర మడత నలగకుండా బడి నడిపేవారు. బడి వదిలిన పావుగంటకి మాత్రం ఇంకో మనిషి. వెలిసిపోయిన నూలు చీర, రబ్బరు చెప్పులు, చంకలో గొడుగు, ఒక చేతిలో వెదురు గాలం, ఇంకో చేతిలో తడి మన్నూ వానపాములూ ఉన్న కొబ్బరిచిప్ప. అంత పెద్ద మనిషి గట్టున కూర్చుని గాలం వేస్తుంటే మొదట్లో నాకే తలకొట్టేసినట్టుండేది. ఊళ్ళోవాళ్ళకి ఎప్పుడో అలవాటైపోయింది. ట్రాక్టరు మీద పోయేవాళ్ళు వేగం తగ్గించి, ఏమైనా పడ్డాయా టీచరు గారూ అని పలకరించి పోయేవారు.

నాది తొందర మనిషి స్వభావం. పిల్లవాడు ఎక్కం తప్పితే రెండో మాట లేకుండా చెయ్యి లేచేది. గాలం దగ్గరా అంతే. ఊరికే చూస్తూ కూర్చోలేక నేనూ ఒకటి పట్టుకున్నాను. నీటి మీద తేలే బెండు కాస్త కదిలితే చాలు, లాగేసేదాన్ని. ఆవిడ బెండు నెమలి ఈక కాడతో స్వయంగా చేసుకున్నది. నాది మండపేటలో కొన్న ఎర్ర ప్లాస్టిక్కుది. వారం రోజులు నాకు దక్కింది ఎర పోయిన ఖాళీ ముల్లు ఒక్కటే. ఎనిమిదో రోజున ఆవిడ నా మణికట్టు మీద రెండు వేళ్ళు ఆనించి కూర్చున్నారు. బెండు ఊగింది. వేళ్ళు కదల్లేదు. ఇంకోసారి ఊగింది. ఊగితే చిన్న పరిగె చేపలు కొరుకుతున్నట్టు, వాటి గొడవ మనకొద్దన్నారు. కాసేపటికి బెండు ఒక పక్కకి నడిచి మెల్లగా మునిగింది. అప్పుడు వేళ్ళు తీశారు. అరచెయ్యంత గొరక పడింది నాకు. దాని మొప్పల ముళ్ళు గుచ్చుకుని నెత్తురొచ్చినా వదల్లేదు. ఆ తర్వాత తరగతిలో ఎవరైనా ఎక్కం తప్పితే నా మణికట్టు మీద ఆ రెండు వేళ్ళు ఆనినట్టే ఉండేది. నేను కొట్టడం మానేశానని గొప్పగా చెప్పను గాని, చాలా తగ్గించాను.

తినడమూ ఆవిడే నేర్పారు. మాది వ్యవసాయదారుల ఇల్లు. చేప అంటే గంపలో అమ్మకానికి వచ్చింది కొనడం, మధ్య ముక్కలు మగవాళ్ళకి వెయ్యడం, తలలు పనివాళ్ళకి ఇచ్చెయ్యడం. దయామణి గారింట్లో మొదటిసారి నా కంచంలో శీలావతి తల పెట్టారు. నేను దాని కళ్ళూ, అది నా కళ్ళూ చూసుకుంటూ కూర్చున్నాం. దవడ దగ్గర వేలు పెట్టి తెరిచి, ఏ ఎముక వెనక ఏ కండ ఉంటుందో, ఏది చప్పరించాలో, ఏది కొరకాలో పాఠం చెప్పినంత శ్రద్ధగా చూపించారు. సుశీల గారు మట్టి దాకలో పెట్టే పులుసులో గరిటె తిప్పేవారు కాదు, దాకనే రెండు చెవులూ పట్టుకుని కుదిపేవారు. వేసవిలో పుల్ల మామిడికాయ, మిగతా రోజుల్లో చింతపండు, నాలుగు బెండకాయలు. రాత్రి పెట్టిన పులుసు మర్నాడు మధ్యాహ్నం బడి గంట కొట్టాక చల్లటి అన్నంలో తినాలి. నీ చేత్తో పట్టింది నీ చేత్తో శుభ్రం చేసుకుని, ముల్లు తప్ప ఏమీ పారెయ్యకుండా తింటే ఆ చేపకి మర్యాద ఇచ్చినట్టని ఆవిడ లెక్క.

ఆవిడకి ఒక్క నియమం ఉండేది. ఒక వానాకాలం సాయంత్రం పొలాల మధ్య గుంట దగ్గరికి వెళ్ళాం. నీటి మీద ఒకచోట కుంకుమ చల్లినట్టు ఎర్రగా ఏదో కదులుతోంది. వందలాది చిన్న చిన్న చేపపిల్లలు ఒక్క ముద్దగా పైకి తేలి గాలి పీల్చుకుని కిందికి పోతున్నాయి. వాటి అడుగున నల్లటి నీడొకటి మసలుతోంది. కొర్రమీను. అది పిల్లల మీద ఉండి కాస్తున్నప్పుడు దగ్గరికి ఏదొచ్చినా మీద పడుతుందని నేను అప్పటికే విని ఉన్నాను. కప్పపిల్లని ముల్లుకి గుచ్చి ఆ ఎర్ర ముద్ద పక్కన వదిలితే చాలు, క్షణంలో పని అయిపోతుంది. డబ్బాలో కప్ప కోసం చెయ్యి పెట్టాను. ఆవిడ నా చేతిలో గాలం తీసేసుకుని దారం చుట్టేశారు.

"ఆకలేసి వచ్చిన చేపని పట్టుకోమ్మా. పిల్లల కోసం మీద పడ్డదాన్ని పట్టుకోవడం ఏం విద్య?"

అది లేకపోతే ఈ పిల్లలు రేపు సాయంత్రానికి కొంగల పాలవుతాయని చెప్పి, గొడుగు చంకన పెట్టుకుని ఉత్త చేతులతో ఇంటికి నడిచారు. నాకు ఒళ్ళు మండింది. రెండు కిలోలకి తక్కువ ఉండదది.

ఆవిడ రిటైరైన మరుసటి ఏడాది కడుపులో జబ్బు బయటపడింది. కాకినాడలో ఆస్పత్రి, ఆపరేషను, ఆ తర్వాత ఆ ఘాటు మందులు. ఆఖరికి డాక్టరు గారు సుశీల గారిని పక్కకి పిలిచి, ఇంటికి తీసుకెళ్ళి ఏది తినాలనుంటే అది పెట్టమన్నారు. ఆ మాటకి అర్థం అందరికీ తెలిసిందే. తినాలని ఉంటే కదా. నోరంతా చేదు. రాగి జావ రెండు గుక్కలు తాగితే అదే పండగ. మనిషి మంచానికి అతుక్కుపోయారు. నేను రోజూ బడి వదిలాక వెళ్ళి కూర్చునేదాన్ని. శ్రావణ మాసంలో ఒక రోజు, కొర్రమీను పులుసు తినాలని ఉందన్నారు. నెలల తర్వాత ఆవిడ నోట తినాలన్న మాట రావడం అదే. సుశీల గారు మర్నాడే మార్కెట్టుకి పరిగెత్తి తెచ్చి వండారు. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని పక్కకి తోసేశారు. చెరువులో బస్తాల మేత తిని పెరిగిన చేప, ఆ మేత వాసనే వస్తోందన్నారు. తప్పు పట్టినట్టు కాదు, క్షమాపణ అడిగినట్టు అన్నారు. నాకు ఏడుపొచ్చింది.

ఇక గుంట చేప తెచ్చి ఆవిడ చేత తినిపించకపోతే నేను మనిషిని కాదనుకున్నాను. తొమ్మిది రోజులు తిరిగాను. బోదెలు, మురుగు కాలువలు, గుర్రపుడెక్క కమ్మేసిన గుంటలు, ఒక్కటీ వదల్లేదు. ఆవిడ గాలమే పట్టుకెళ్ళాను. జెల్లలు పడ్డాయి, గొరకలు పడ్డాయి, కొర్రమీను మాత్రం లేదు. రోజూ వెళ్ళి రేపు పడుతుందిలెండి అనేదాన్ని. ఆవిడ చెయ్యి రోజురోజుకీ తేలికైపోతోంది. పదో రోజు ఆదివారం, వాన వెలిసిన పూట, ఊరికి దూరంగా తూటికాడ అల్లుకున్న గుంటలో ఎర్రటి ముద్ద పైకి తేలడం చూశాను. దాని కింద నల్లటి నీడ ఉంది.

ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. ఆవిడ మాట గుర్తు రాలేదని అబద్ధం చెప్పను. ప్రతి అక్షరమూ గుర్తొచ్చింది. అయినా కప్పని ముల్లుకి గుచ్చి ఆ పిల్లల పక్కన వదిలాను. నీళ్ళు భళ్ళుమన్నాయి. గాలం కర్ర విల్లయింది. ఒడ్డుకి లాగాక ఆ చేప బురదలో పొర్లుతూ కూడా నీటివైపే తల తిప్పుతోంది. దాన్ని చీర కొంగుతో పట్టి బిందెలో వేసి, వెనక్కి చూడకుండా నడిచాను.

మంచం పక్కన బిందె పెట్టి, పట్టానండి అన్నాను. చూపించమన్నారు. రెండు చేతులతో పైకెత్తాను. ఆవిడ చాలాసేపు చూశారు. ఎక్కడ పట్టావని అడిగితే గుంట పేరు చెప్పాను.

"పిల్లల మీద ఉందా?"

"లేదండి."

బిందె సుశీల గారికి ఇమ్మన్నారు. సుశీల గారు బూడిద వేసి రాతి మీద రుద్ది, ముక్కలు కోసి, దాక పొయ్యి మీద పెట్టారు. పులుసు కాగుతుంటే ఆవిడ తలగడ ఎత్తు చెయ్యమన్నారు. గుప్పెడన్నం, రెండు ముక్కలు తిన్నారు. తర్వాత తల అడిగి తీసుకుని, ఓపిక లేని వేళ్ళతోనే దవడ తెరిచి, ఏదీ వదలకుండా తిన్నారు. "ఇంకొంచెం పులుసు" అన్నారు. సుశీల గారు గిన్నె కోసం వెళ్ళినట్టు వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు రాలేదు. నా జీవితంలో అంత ఆనందం నాకు మళ్ళీ కలగలేదు.

చెయ్యి కడుక్కుని, తువ్వాలుతో మూతి తుడుచుకుని, నావైపు తిరిగారు.

"ఎన్నుంటాయి?"

ఏమిటండి అన్నాను, తెలిసే.

"పిల్లలు."

పిల్లల్ని కాసే చేప సరిగా మేత ముట్టదని, అందుకే తల పెద్దదై ఒళ్ళు చిక్కిపోయి ఉంటుందని, బిందెలోంచి ఎత్తగానే తెలిసిపోయిందని నెమ్మదిగా చెప్పారు. కోప్పడలేదు. జంటలో రెండోది ఉందేమో చూడమన్నారు. లేకపోతే ఆ మూల చుట్టూ తుమ్మకంప పరిచి, తెల్లారగానే ఒకసారి, బడి వదిలాక చీకటి పడేదాకా అక్కడే ఉండి కొంగల్ని తోలమన్నారు. పిల్లలు నల్లబడి చెదిరిపోయేదాకా రోజూ వచ్చి చెప్పమన్నారు.

రెండోది లేదు. ఎవరి దాకలోకి చేరిందో. పదిహేడు రోజులు కాశాను. మోకాలి లోతు నీళ్ళలో దిగి కంప పరిచాను. కొంగలు, లకుముకి పిట్టలు, నీటిపాములు, అన్నీ నాకు శత్రువులే. పొలం పనికి పోయేవాళ్ళు టీచరమ్మకి ఏదో అయ్యిందనుకున్నారు. ఆరో రోజున ఒకాయన బాతుల మందని తోలుకుంటూ వచ్చాడు. ఐదారు వందలు. అవి గుంటలో దిగితే ఒక్క పిల్ల మిగలదు. గట్టుకి అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాను. ఆయన నన్నూ, నీళ్ళనీ మార్చి మార్చి చూసి, ఏం పోయిందండీ అందులో, బంగారమా అన్నాడు. పెద్ద టీచరు గారి చేపపిల్లలున్నాయన్నాను. మొహం మారిపోయింది. తను ఆవిడ దగ్గర మూడో తరగతి దాకా చదువుకున్నానని చెప్పి, ఎలా ఉన్నారని అడిగి, మందని చుట్టూ తిప్పి అవతలి గట్టు మీదుగా తోలుకుపోయాడు. ఆ రాత్రి ఈ సంగతి చెబితే ఆవిడ కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వారు. ఆ తర్వాత ఆవిడ మళ్ళీ ఏదీ అడిగి తినలేదు. జావ కూడా తగ్గిపోయింది. అయినా నేను వెళ్ళేసరికి గుమ్మంవైపే చూస్తూ ఉండేవారు.

పదిహేడో రోజున పిల్లలు వేలెడంత అయ్యాయి. ఎరుపు పోయి నలుపు తిరిగింది. ముద్ద విడిపోయి దేని దారి అది చూసుకుంటోంది. వెళ్ళి చెప్పాను. మొదట్లో ఉన్నవాటిలో సగమైనా మిగిలాయన్నాను. పాతికలో ఒకటి మిగిలినా గొప్పేనని, లెక్కల్లో నువ్వెప్పుడూ ఉదారమేనని అన్నారు. అప్పుడు ఇక ఆపుకోలేక, అబద్ధం చెప్పానండి, మీ మాట తప్పానండి అని ఆవిడ మంచం పట్టె మీద తల పెట్టి ఏడ్చాను.

ఆవిడ నా తల మీద చెయ్యి వేశారు. "నువ్వు అబద్ధం చెప్పావు. నేను తెలిసీ తిన్నాను. తినాలనిపించింది పద్మా, ఏం చెయ్యను. అందులో సగం తప్పు నాది. లేచి కాసే ఓపిక లేక నా సగం కూడా నీ చేత కాయించాను."

మరో పది రోజులకి పోయారు.

నేనూ ఇప్పుడు హెడ్మిస్ట్రెస్‌నే. ఆవిడ గురించి సన్మాన సభల్లో మాట్లాడమంటే ఓర్పు, క్రమశిక్షణ, నియమం అని చెప్పి దిగిపోతాను. అవన్నీ నిజమే. కానీ నా దగ్గర మిగిలింది అది కాదు. జీవితమంతా ఒక నియమం మీద నిలబడ్డ మనిషి, ఆకలేసిన రోజున దాన్ని దాటి, దాటానని ఒప్పుకుని, దాని బాకీ తీర్చేదాకా గుమ్మంవైపు చూస్తూ బతికారు. ఆవిణ్ణి నేను అంతకుముందు గౌరవించాను. ఆ రోజు నుంచి ప్రేమించాను. నేను చేసింది తప్పని నాకు తెలుసు. ఆవిడ మళ్ళీ ఆ మంచం మీంచి ఇంకొంచెం పులుసు అంటారంటే, మళ్ళీ ఆ గుంటలో కప్పని వదులుతాను. మళ్ళీ పదిహేడు రోజులూ కాస్తాను.