వేడి దాటాలి, కరెంటు దాటకూడదు

"ఇస్త్రీపెట్టె ఇచ్చి పెళ్ళాన్ని వెనక్కి తీసుకెళ్దామనుకునే మగాణ్ణి నిన్నే చూశాను మరిదీ!"

"తీసుకెళ్తానని నేనన్నానా వదినా? ఒక్కసారి ముట్టుకోమను. చాలు."

"ముట్టుకునే కదా అప్పుడు ఎగిరి గోడకి కొట్టుకుంది!"

మెట్ల మీద ఆగిపోయాను. పైన మా అమ్మ కుట్టుపని గది. కేకలేస్తున్నది అమ్మ, తిట్లు తింటున్నది మా బాబాయి. వాళ్ళ గొడవంతా అమ్మ చెల్లెలు, అంటే మా పిన్ని గురించి. ఆవిడ ఆ గదిలోనే కూర్చుని కాజాలు కుడుతోంది.

"ఈసారి మైకా రెండు పొరలు వేశాను వదినా..."

"ఆ పొరలేవో నీ కొట్లో కూర్చుని లెక్కపెట్టుకో!"

బాబాయి పెట్టెను చంకలో పెట్టుకుని దిగి వచ్చాడు. "విన్నావా?" అన్నాడు.

"వీధంతా విన్నది" అన్నాను. నవ్వబోయి మానేశాడు. వెంట నడిచాను.

బాబాయి పని ఇస్త్రీపెట్టెలు బాగుచేయడం. పెట్టె లోపల వేడెక్కే తీగకూ, బట్టకు తగిలే ఇనప అడుక్కూ మధ్య పల్చటి పొర ఒకటి ఉంటుంది. అది తీగలోని వేడిని కిందికి వదలాలి, కరెంటును మాత్రం చచ్చినా వదలకూడదు. ఆ రెండూ తెలిసినది అభ్రకం, బజార్లో మైకా అంటారు. దళసరిది వేస్తే భద్రమే కానీ, వేడి దిగక తీగే మాడిపోతుంది. పల్చటిది వేస్తే వేడి ఇట్టే దిగుతుంది కానీ, గోరు తగిలినా చిరుగుతుంది.

పిన్ని పెట్టెకు పల్చటిదే వేశాడు. త్వరగా వేడెక్కాలని ఆవిడే అడిగింది. అరిగిపోయిన స్క్రూ కన్నాన్ని డ్రిల్లుతో పెద్దది చేసి, అంచున లేచిన ఇనప ముల్లును ఆకురాయితో నున్నగా చేయడం మరిచాడు. పెట్టె చల్లగా ఉండగా, అడుక్కి కరెంటు తగుల్తోందేమోనని మీటరు పెట్టి చూస్తే అంతా బాగానే ఉంది. వేడెక్కి ఇనుము సాగాక ఆ ముల్లు పొరలోకి దిగింది. ఇంట్లో ఎర్తు తీగ ఎప్పుడో తెగిపోయింది. పిన్ని తడి గచ్చు మీద ఒట్టికాళ్ళతో నిలబడి ఇస్త్రీ చేస్తోంది.

ప్రాణం దక్కింది. ఆవిడ తిట్టను కూడా లేదు. "మీరు బాగుచేసిన వస్తువు దగ్గరికి నా చెయ్యి పోవట్లేదండీ, నేనేం చెయ్యను?" అని ఏడ్చింది. ఆ ఇంట్లో స్టవ్వు, ఫ్యాను, లైటు అన్నీ ఆయన చేత్తో బిగించినవే. ఇక ఏం ముట్టుకుని బతుకుతుంది? అక్క దగ్గరికి వచ్చేసింది.

అప్పట్నుంచీ బాబాయికి ఆ పొరే లోకం. సిలికాన్ ప్యాడ్ తెచ్చాడు. మెత్తగా అతుక్కుంది, కొన్నాళ్ళకు ఆ వేడికి పెళుసై పొడిపొడిగా రాలింది. వేడికి తట్టుకుంటుందన్న పసుపుపచ్చ టేపు వేశాడు. కరెంటును ఆపింది కానీ జిగురు కాలి గది కంపుకొట్టింది. పల్చటి పింగాణీ పలక వేడిని పరుగెత్తించింది, అడుగు ఎగుడుదిగుడుగా ఉండటంతో టప్పున చిట్లింది. చివరికి మళ్ళీ మైకాయే. ప్రతి పొరనూ కిటికీ వెలుతురుకు పట్టి చూసి, ఒకదాంట్లో మచ్చ ఉన్నచోట రెండోదాంట్లో లేకుండా జతచేశాడు.

"కొత్తది కొనిస్తే పోలా బాబాయ్?" అన్నాను.

"మీ అమ్మ కొనిచ్చిందిగా. నాక్కావలసింది బట్టలు ఇస్త్రీ అవడం కాదురా."

కొట్లో పెట్టెకు కరెంటు పెట్టి, వేడెక్కాక వేళ్ళతో నీళ్ళు చిలకరించాడు. చుయ్యిమంది. కళ్ళు మూసుకుని విన్నాడు.

"పెట్టె కాగిందో లేదో మీ పిన్ని ఇలాగే చూసేది. పొద్దున్నే ఈ చప్పుడుకే లేచేవాణ్ణి."

ఆయన ఒంటి మీద చొక్కా ముడతలు ముడతలుగా ఉంది. అందరి పెట్టెలూ బాగుచేస్తాడు, తను మాత్రం నలిగిన చొక్కాలే వేసుకుంటాడు. ఇంట్లో ఇస్త్రీ బల్ల మీద ఆవిడ పరిచిన దుప్పటి మడత కూడా కదపలేదు.

పెట్టె వేడి మీద ఉండగానే మీటరు ఆనించాడు. మీటరు ముల్లు కదల్లేదు. చల్లార్చి, మళ్ళీ వేడిచేసి, మళ్ళీ ఆనించాడు. కదల్లేదు. చెప్పులు విప్పి, గచ్చు మీద చెంబుడు నీళ్ళు పోసి, ఆ తడిలో నిలబడి ఇనప మూతను వేలి కొసతో తాకాడు. వేలు చురుక్కుమంది కాబోలు, నోట్లో పెట్టుకున్నాడు. అంతే.

"నువ్వు ఇస్త్రీ చొక్కా వేసుకోవు కదరా?"

"నువ్వేదో వేసుకుంటున్నట్టు!"

"రేపు వేసుకో. దీన్ని తీసుకెళ్ళి, మీ పిన్ని ఎదురుగా, చెప్పుల్లేకుండా నీ చొక్కా నువ్వే చేసుకో. నీళ్ళు గట్టిగా చిలకరించు, ఆవిడకి వినపడాలి. ఎవరు బాగుచేశారని అడిగితే అబద్ధం చెప్పకు. అడక్కపోతే, ప్లగ్గు పీకేసి, వేడి తగ్గకముందే పెట్టెను అక్కడే వదిలేసి వచ్చెయ్. కరెంటు లేకుండా వేడి మాత్రం ఉన్నప్పుడైనా ఒక్కసారి ముట్టుకుంటుందేమో."